వేల్స్ బ్లాక్ మౌంటెన్స్ కొండ వెన్నుల మీద నాలుగు రోజుల నడక ఎలా చేయాలి

వేల్స్‌లో కొండలెక్కాలనుకునే కొత్తవారు సాధారణంగా రెండు శిఖరాల వైపే వెళతారు. ఒకటి ఉత్తరాన ఉన్న 1,085 మీటర్ల ఎర్ విద్వా, అంటే ఇంగ్లిషువారు స్నోడన్ అని పిలిచే శిఖరం. రెండోది దక్షిణాన ఉన్న 886 మీటర్ల పెన్ ఎ వాన్. ఎండ కాసిన సెలవు రోజున ఈ రెండింటి మీదా ఫొటో దిగడానికి వరుసలో నిలబడవలసి వస్తుంది. పెన్ ఎ వాన్ ఉన్న జాతీయ ఉద్యానవనంలోనే, దానికి తూర్పున ఇంగ్లండు సరిహద్దును ఆనుకుని ఉన్న బ్లాక్ మౌంటెన్స్‌లో మాత్రం వారం మధ్యలో వెళితే గంటల తరబడి గొర్రెలు, పొట్టి గుర్రాలు తప్ప ఎవరూ ఎదురుపడరు. ఈ ఉద్యానవనం 1957లో ఏర్పడింది. 2023 వరకు బ్రెకన్ బీకన్స్ అన్న పేరుతో వ్యవహరించి, ఆ తరువాత బన్నై బ్రెఖైనియోగ్ అన్న వెల్ష్ పేరును వాడుతున్నారు. పాత పుస్తకాల్లో, పటాల్లో ఇంకా పాత పేరే కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పే దారి అబెర్గవెన్నీ రైల్వే స్టేషన్ దగ్గర మొదలై, లాన్‌థోనీ, హే-ఆన్-వై, టల్గార్త్ ఊళ్ల మీదుగా సాగి, నాలుగో రోజు సాయంత్రం క్రిక్‌హవెల్‌లో ముగుస్తుంది. బ్లాక్ మౌంటెన్స్ వెన్నులు చాచిన చేతివేళ్లలాగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పరుచుకుని ఉంటాయి, ఒక్కో రెండు వెన్నుల నడుమ ఒక లోతైన లోయ ఉంటుంది. వెన్ను మీదికి ఒకసారి ఎక్కితే నడక తేలిక. కష్టమంతా ఎక్కడంలో, దిగడంలో, అంతకన్నా ఎక్కువగా ఎక్కడ దిగాలో తెలియడంలో ఉంది. అందువల్ల శిఖరాల జాబితా పెట్టుకుని బయలుదేరకుండా, ప్రతి రాత్రీ ఏ లోయలో పడుకుంటారో ముందు తేల్చుకుని, దానికి తగ్గట్టు ఆ రోజు శిఖరాలను ఎంచుకోవడం మంచిది.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బ్లాక్ మౌంటెన్స్ అన్నది ఈ తూర్పు కొండల సముదాయం. ఇదే ఉద్యానవనపు పడమటి చివరన ఉన్న మరో కొండ ప్రాంతాన్ని బ్లాక్ మౌంటెన్ అని ఏకవచనంలో పిలుస్తారు. ఇవి చాలవన్నట్టు, మీరు రెండో రోజు నడిచే వెన్ను మీద 703 మీటర్ల ఎత్తున ఉన్న చోటు పేరు కూడా బ్లాక్ మౌంటెనే. బస వెతికేటప్పుడు ఊరి పేరుతోనే వెతకండి, లేకపోతే ఎక్కడో యాభై కిలోమీటర్ల దూరంలో గది దొరికిందని సంతోషించే ప్రమాదం ఉంది.

కాలం ఎంచుకోవడం

మే నెల చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఈ నడకకు అనువైన కాలం. జూన్‌లో ఉదయం అయిదు గంటలకే వెలుతురు వచ్చి రాత్రి తొమ్మిదిన్నర వరకు ఉంటుంది కాబట్టి, దారి తప్పి రెండు గంటలు పోగొట్టుకున్నా చీకటి పడకముందే లోయలోకి దిగవచ్చు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే సూర్యాస్తమయం అవుతుంది. అప్పుడు ఈ దారి కొత్తవారికి తగదు. ఆగస్టులో హెదర్ పొదలు పూసి కొండ వెన్నులన్నీ ఊదా రంగుకు తిరుగుతాయి, అయితే బస రేట్లు కూడా అప్పుడే పెరుగుతాయి. మే చివర, జూన్ మొదట్లో హే-ఆన్-వైలో పెద్ద సాహిత్యోత్సవం జరుగుతుంది. 1988 నుంచి జరుగుతున్న ఈ ఉత్సవం రోజుల్లో ఆ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల పదిహేను కిలోమీటర్లలోనూ గది దొరకడం కష్టం. ఉత్సవం తేదీలు చూసుకుని, ఆ పది రోజులను వదిలేసి ప్రణాళిక వేసుకోండి.

ఎండాకాలమే కదా అని చలిని తక్కువ అంచనా వేయకూడదు. ప్రతి వంద మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత ఇంచుమించు అరడిగ్రీకి పైగా పడిపోతుంది. హే-ఆన్-వైలో 18 డిగ్రీలున్న రోజున ఏడువందల మీటర్ల వెన్ను మీద 14 డిగ్రీలే ఉంటాయి, పైగా అక్కడ గాలిని ఆపడానికి చెట్టు గానీ గోడ గానీ ఉండదు. చొక్కా తడిసిన మనిషికి ఆ గాలిలో అరగంటలో వణుకు పుడుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగిన శరీరానికి ఈ తడి చలి అలవాటు లేనిది, అందుచేత స్థానికులు టీషర్టుతో తిరుగుతున్నారని చూసి మీరూ అలాగే బయలుదేరవద్దు.

బస, ప్రయాణం

భారతదేశం నుంచి వచ్చేవారికి స్టాండర్డ్ విజిటర్ వీసా చాలు. లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి న్యూపోర్ట్ వరకు వచ్చి, అక్కడ బండి మారితే అరగంట లోపే అబెర్గవెన్నీ చేరతారు. కార్డిఫ్ నుంచి నేరుగా రైళ్లున్నాయి, నలభై నిమిషాల ప్రయాణం. కార్డిఫ్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, సౌత్ వేల్స్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన డాక్టర్లు నాలుగు రోజుల సెలవు దొరక్కపోతే మొదటి రెండు రోజుల దారిని మాత్రమే శనివారం, ఆదివారం నడిచి, హే-ఆన్-వై నుంచి ఇంగ్లండులోని హెరెఫోర్డ్ ఊరికి బస్సెక్కి, అక్కడి నుంచి రైల్లో వెనక్కు రావచ్చు. ఆదివారం బస్సులు చాలా తక్కువ, కొన్ని దారుల్లో అసలే ఉండవు. తిరుగు ప్రయాణపు వేళలు చూసుకున్నాకే నడక తేదీలు ఖాయం చేయండి.

బసల్లో ముందుగా బుక్ చేయవలసింది లాన్‌థోనీ. అది ఊరు అనడానికి కూడా లేనంత చిన్నది: ఒక మఠం శిథిలాలు, వాటిలోనే ఇమిడిన చిన్న హోటలు, చర్చి, కొన్ని ఇళ్లు, గుడారాలు వేసుకోవడానికి ఒక పొలం. గదులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉంటాయి. లాన్‌థోనీలో గది దొరికిన తేదీని బట్టే మిగతా మూడు రాత్రులనూ సర్దుకోవాలి. హే-ఆన్-వైలో బసకు కొదవ లేదు, టల్గార్త్‌లో మధ్యస్థంగా ఉంటుంది.

గుడారం వేసుకోవాలనుకునేవారు ఇక్కడి చట్టం తెలుసుకోవాలి. 2000 నాటి చట్టం ప్రకారం పటంలో పసుపుపచ్చగా చూపించే బహిరంగ కొండ నేలల మీద ఎవరైనా స్వేచ్ఛగా నడవవచ్చు, కానీ అక్కడ గుడారం వేయడానికి ఆ హక్కు వర్తించదు. వేల్స్‌లో భూమి యజమాని అనుమతి లేకుండా కొండ మీద పడుకోవడం చట్టబద్ధం కాదు. చీకటి పడ్డాక వేసి తెల్లవారకముందే తీసేసేవాళ్లు లేకపోలేదు. అయినా కొత్త ప్రాంతంలో, వీసా మీద వచ్చిన దేశంలో, ఆ సందిగ్ధం పెట్టుకోకుండా లోయల్లోని క్యాంప్‌సైట్లలో దిగడమే నా సలహా.

పటం, దిక్సూచి

బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ అయిన ఆర్డ్నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 13 పటం కొనండి. అది 1:25,000 నిష్పత్తిలో ఉంటుంది, అంటే పటంలో నాలుగు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పొలాల గోడలు, కంచెలు కూడా అందులో కనిపిస్తాయి, లోయల్లోకి దిగేటప్పుడు ఇవే ఆధారం. మొత్తం దారిని ఒక చూపులో చూసుకోవడానికి ల్యాండ్‌రేంజర్ 161 పటం బాగుంటుంది, కానీ దాని మీద మాత్రమే ఆధారపడి నడవడం కష్టం. ఫోనులో యాప్ పెట్టుకోవడం మంచిదే. పటాన్ని ముందే దింపుకోవాలి, ఎందుకంటే లాన్‌థోనీ లోయలో సిగ్నల్ అందదని అనుకునే బయలుదేరాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుందన్నదీ గుర్తుంచుకోండి.

పటం మీది వెల్ష్ మాటలు నాలుగైదు తెలిస్తే చాలా పని జరుగుతుంది. పెన్ అంటే శిఖరం, బుల్ఖ్ అంటే రెండు కొండల నడుమ దిగువ కనుమ, కుమ్ అంటే లోయ, నాంట్ అంటే వాగు, వైన్ అంటే తడి బీడు. పటంలో వైన్ కనిపించిన చోట బూట్లు తడుస్తాయని ముందే అనుకోండి.

రోజు నడకకు ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. సమతలం మీద గంటకు అయిదు కిలోమీటర్లు, ఆపైన ఎక్కే ప్రతి ఆరువందల మీటర్లకు మరో గంట. రెండో రోజు దారినే తీసుకుంటే దూరం ఇరవై కిలోమీటర్లు, ఎక్కుడు ఇంచుమించు ఆరువందల మీటర్లు. లెక్క ప్రకారం అయిదు గంటలు. ఇందులో విశ్రాంతి లేదు, వీపు మీది బరువు లేదు, ఎదురుగాలి లేదు. కొత్తవారు ఈ అంకెకు సగం కలుపుకోవాలి. అంటే ఏడున్నర గంటలు. ఉదయం తొమ్మిదికి బయలుదేరితే సాయంత్రం నాలుగున్నరకు చేరతారు. పబ్బుల్లో రాత్రి తొమ్మిది దాటితే వంటగది మూసేస్తారు కాబట్టి ఈ లెక్క ఆకలి లెక్క కూడా అవుతుంది.

సంచి సర్దుకోవడం

గదుల్లో బస చేసేవారి సంచి ఎనిమిది కిలోలు దాటకూడదు. నీరు లోపలికి రాని జాకెట్టు, అలాంటిదే ప్యాంటు, ఒక ఉన్ని లేదా ఫ్లీస్ స్వెటరు, టోపీ, చేతి తొడుగులు, టార్చి, ఈల, ప్రథమ చికిత్స సామాను, రెండు జతల అదనపు మేజోళ్లు, ఇవి తప్పనిసరి. నూలు జీన్సు, నూలు బనీను ఇంట్లోనే వదిలేయండి, నూలు ఒకసారి తడిస్తే ఆ రోజుకు ఆరదు. సంచికి పైన వేసే కవరు గాలికి ఎగిరిపోతుంది. దాని బదులు సంచి లోపలే ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, అందులో బట్టలు వేసి మూతి మెలితిప్పి కట్టుకోవడం మేలు. బూట్లు చీలమండ దాకా ఉండాలి, కొత్తవి అయితే కనీసం నెల ముందు నుంచి రోజూ వేసుకుని తిరగాలి. మడమ దగ్గర వేడిగా అనిపించిన వెంటనే ఆగి టేపు అంటించండి. పావుగంట తరువాత అంటిద్దామనుకుంటే అప్పటికి బొబ్బ లేచి ఉంటుంది.

తిండి విషయానికి వస్తే, మనవాళ్లు ప్రయాణం అనగానే పులిహోర కలుపుతారు. అబెర్గవెన్నీ నుంచి బయలుదేరే మొదటి పూటకు అది బాగానే ఉంటుంది, కానీ కొండ గాలికి అన్నం మెతుకు బిరుసెక్కి, గడ్డకట్టిన వేళ్లతో కలుపుకు తినడం ఇబ్బంది అవుతుంది. చపాతీలో కందిపొడి, నెయ్యి రాసి చుట్టుకున్నవి, వేరుశెనగ ఉండలు, ఖర్జూరాలు జాకెట్టు జేబులో పెట్టుకుని నడుస్తూ తినడానికి వీలుగా ఉంటాయి. శాకాహారులకు పబ్బుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది, అయితే లాన్‌థోనీలో గది బుక్ చేసినప్పుడే ఆ సంగతి చెప్పి ఉంచండి.

నీరు ఈ నడకలో అసలు సమస్య. వెన్నుల మీద వాగులుండవు. పీట్ నేలలోంచి, అంటే కుళ్లిన నాచు, గడ్డి పేరుకుని ఏర్పడిన నల్లటి నేలలోంచి ఊరి, గుంటల్లో నిలిచే నీరు డికాక్షన్ రంగులో ఉంటుంది. గొర్రెలు తిరిగే కొండ కాబట్టి ఆ నీటిని వడపోత గొట్టం లేకుండా, మరిగించకుండా తాగవద్దు. ప్రతి ఉదయం రెండున్నర లీటర్లు నింపుకుని ఎక్కండి.

మొదటి రోజు: అబెర్గవెన్నీ నుంచి లాన్‌థోనీ

ఉదయమే అబెర్గవెన్నీ చేరినవారు ఊరికి ఈశాన్యంగా ఒంటరిగా నిలబడి కనిపించే 486 మీటర్ల స్కిరిడ్ కొండ ఎక్కి, అటువైపు లాన్‌విహాంగెల్ క్రుకోర్నీ అనే ఊరికి దిగి, అక్కడి నుంచి హాటరాల్ కొండ మీదుగా లాన్‌థోనీకి చేరవచ్చు. ఇది ఇరవై కిలోమీటర్ల దారి, ఎక్కుడు తొమ్మిదివందల మీటర్ల దాకా ఉంటుంది. మధ్యాహ్నం రైలు దిగినవారు ఇది పెట్టుకోవద్దు. హెరెఫోర్డ్ వైపు బస్సులో గానీ టాక్సీలో గానీ లాన్‌విహాంగెల్ వరకు వచ్చి నడక మొదలుపెడితే పది కిలోమీటర్లే మిగులుతుంది. పొలాల్లో పసుపు బాణం గుర్తులు నడిచే దారిని, నీలం బాణాలు గుర్రాలకు కూడా అనుమతి ఉన్న దారిని చూపుతాయి. రైతు పొలం మధ్య నుంచే దారి పోతున్నా సంకోచించనవసరం లేదు, అది ప్రజల హక్కు. తెరిచిన గేటు మాత్రం మళ్లీ మూసి వెళ్లాలి. దూడలతో ఉన్న ఆవుల మందను దూరంగా చుట్టి దాటాలి.

531 మీటర్ల హాటరాల్ కొండ దాటాక ఎడమవైపు లోయలో మఠం శిథిలాలు కనిపిస్తాయి. పన్నెండో శతాబ్దంలో ఆగస్టీనియన్ సన్యాసులు కట్టుకున్న ఈ మఠంలో ఇప్పుడు పైకప్పు లేని తోరణాల వరుసలు మిగిలాయి, వాటి నడుమ నుంచి కొండ కనిపిస్తుంది. ప్రవేశ రుసుము లేదు. అక్కడికి దిగే దారి మోకాళ్ల మీద భారం వేసేంత నిటారుగా ఉంటుంది, కర్రలు ఉంటే వాడండి.

రెండో రోజు: సరిహద్దు వెన్ను మీద

ఈ రోజే మొత్తం నడకకు ప్రాణం. మఠం వెనుక నుంచి లాక్సిడ్జ్ టంప్ వైపు ఏటవాలుగా ఎక్కే దారి పట్టుకుంటే ముప్పావు గంటలోనో గంటలోనో మళ్లీ వెన్ను మీదికి చేరతారు. అక్కడ ఎడమకు, అంటే వాయవ్యానికి తిరగండి. ఇక పది కిలోమీటర్ల వరకు మలుపు తిరగవలసిన పని లేదు. మీ కుడి చేతివైపు హెరెఫోర్డ్‌షైర్ పొలాలు, అంటే ఇంగ్లండు. ఎడమ చేతివైపు లాన్‌థోనీ లోయ, అంటే వేల్స్. మీరు నడుస్తున్నది రెండు దేశాల సరిహద్దు.

ఈ దారి ఆఫాస్ డైక్ పాత్ అనే జాతీయ కాలిబాటలో భాగం. 1971లో ప్రారంభమైన ఆ బాట పొడవు 285 కిలోమీటర్లు, దాని గుర్తు ఓక్ చెట్టు కాయ. ఎనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు నడుమ ఉన్న మెర్సియా రాజ్యాన్ని ఏలిన ఆఫా తవ్వించిన కందకం పేరు మీద బాట వెలసింది గానీ, ఈ వెన్ను మీద ఆ కందకం ఎక్కడా ఉండదు, వెతుక్కోవద్దు. కనిపించేవి పీట్ నేల మీద పరిచిన పెద్ద పెద్ద రాతి పలకలు. వేలాది కాళ్ల కింద నల్లటి బురద వెడల్పవుతూ పోతుంటే దాన్ని ఆపడానికి వీటిని వేశారు. పలకల మీద నడక తేలికే, కానీ వాన పడ్డాక వాటి మీద పాచి జారుతుంది, అడుగు పూర్తిగా ఆనించి నడవాలి. పలకల పక్కన గడ్డి మీద నడిస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. ఆ గడ్డి కింద నేల స్పంజిలా నీరు పట్టి ఉంటుంది, చీలమండ దాకా దిగబడుతుంది.

వెన్ను ఎంత వెడల్పుగా, చదునుగా ఉంటుందంటే 703 మీటర్ల బ్లాక్ మౌంటెన్ వచ్చిందని పటం చెబితే తప్ప తెలియదు. దాని తరువాత ముఖ్యమైన చీలిక వస్తుంది. జాతీయ కాలిబాట హే బ్లఫ్ శిఖరం దాకా వెళ్లకుండానే కుడివైపున కొండ పక్క వెంబడి దిగిపోతుంది. ఆకాశం తేటగా ఉంటే ఎడమ దారిలో సూటిగా వెళ్లి 677 మీటర్ల హే బ్లఫ్ చివరన నిలబడండి, అక్కడ కొండ ఒక్కసారిగా తెగిపోయి కింద వై నది మైదానమంతా పరుచుకుంటుంది. పొగమంచు ఉంటే చూడటానికి ఏమీ ఉండదు, కుడి దారినే దిగండి. రెండు దారులూ కింద బీడులో కలుస్తాయి, అక్కడి నుంచి పొలాల మీదుగా హే-ఆన్-వై ఇంకా ఆరేడు కిలోమీటర్లు.

వాతావరణం చెడితే ఎటు దిగాలన్నది ఉదయమే చూసి ఉంచుకోవాలి. వెన్నుకు ఇటూ అటూ దిగే దారులు కొన్నే ఉన్నాయి: ఎడమవైపు కాపెల్-ఎ-ఫిన్ ఊరికి, కుడివైపు లాంగ్‌టౌన్ వైపుకు. వీటిని పటంలో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఉరుము వినబడితే శిఖరం గురించి ఆలోచించకుండా దగ్గరి దారిలో దిగిపోవాలి, అంత ఎత్తున మైళ్ల దూరం మీకన్నా ఎత్తైన వస్తువు ఉండదు.

హే-ఆన్-వై పాత పుస్తకాల ఊరు. 1960ల నుంచి ఒక దుకాణం వెంట మరొకటిగా వెలసి, ఆ చిన్న ఊరు ప్రపంచంలో పుస్తకప్రియులందరికీ తెలిసింది. పుస్తకం కొంటే పోస్టులో ఇంటికి పంపించండి. రెండు కిలోల పుస్తకాల సంచితో మూడో రోజు కొండెక్కేవారికి సాహిత్యం మీద విరక్తి కలుగుతుంది.

మూడో రోజు: హే నుంచి టల్గార్త్

నిన్న దిగిన దారినే బీడు దాకా ఎక్కి, అక్కడి నుంచి 549 మీటర్ల గాస్పెల్ పాస్ కనుమకు చేరాలి. ఈ మొదటి ఏడు కిలోమీటర్లలో కొత్త సంగతి ఏమీ లేదు కాబట్టి, హే బ్లఫ్ కింద ఉన్న కార్ పార్కు వరకు టాక్సీలో వెళ్లడంలో తప్పు లేదు. కనుమ నుంచి పడమటగా ఎక్కితే 690 మీటర్ల ట్వంపా, ఆ తరువాత 713 మీటర్ల రోస్ దిరియాన్. ఇక్కడ మీరు కొండల ఉత్తరపు అంచున నడుస్తారు, కుడివైపు నేల వందల మీటర్లు కిందకు జారిపోతుంది. ఆ అంచుకు తగిలి పైకి లేచే గాలిని ఆసరా చేసుకుని గ్లైడర్లు ఎగురుతుంటాయి. ఇంజను లేని ఆ విమానం నెత్తి మీదుగా వెళ్లినప్పుడు గాలి కోసే చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. అంచు వెంబడి ఇంకొంత పడమటగా వెళ్లి, పటంలో చూపిన దారిలో దిగి పొలాల మీదుగా టల్గార్త్ చేరండి. ఒళ్లు సహకరించకపోతే హే నుంచి టల్గార్త్‌కు బస్సు కూడా ఉంది.

నాలుగో రోజు: వైన్ వాఖ్ మీదుగా క్రిక్‌హవెల్

ఇది అన్నిటికన్నా పొడవైన రోజు. దూరం ఇరవైనాలుగు కిలోమీటర్లు, ఎక్కుడు వెయ్యి మీటర్లు దాటుతుంది. పెంగెన్‌ఫోర్డ్ దాకా టాక్సీలో వెళితే నాలుగైదు కిలోమీటర్లు తగ్గుతుంది. అక్కడ 450 మీటర్ల ఎత్తున కాస్టెల్ దినాస్ అనే పాత కోట మట్టిగోడలున్నాయి. వాటిని దాటి ఎ గ్రీబ్ అనే సన్నటి గడ్డి వెన్ను ఎక్కాలి. గుట్ట వెంట గుట్టగా ఎగుడుదిగుడుగా సాగే ఈ వెన్నును ఇంగ్లిషులో డ్రాగన్ వీపు అంటారు. చేతులు ఉపయోగించవలసిన అవసరం రాదు, బలమైన పక్కగాలి ఉన్న రోజున మాత్రం జాగ్రత్తగా నడవాలి.

దాని పైన ఉన్న వైన్ వాఖ్ ఈ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైనది, 811 మీటర్లు, అన్నిటికన్నా చదునైనది కూడా. తేటగా ఉన్న రోజున ఇక్కడ పది నిమిషాలు ఆగి ముందుకు పోతారు. పొగమంచులో మాత్రం నలుదిక్కులా ఒకే గడ్డి, ఒకే బూడిద రంగు కనిపించి, వచ్చిన దారి ఏదో కూడా తెలియకుండా పోతుంది. దిక్సూచి వాడకాన్ని ఇక్కడికి వచ్చాక నేర్చుకోలేరు, ఇంటి దగ్గర పార్కులోనే సాధన చేసి రావాలి.

పద్ధతి ఇది. పటాన్ని చదునుగా పట్టుకుని, దిక్సూచి పొడవాటి అంచును మీరున్న చోటు నుంచి వెళ్లవలసిన చోటుకు, అంటే నైరుతిగా పెన్ త్రుమై వైపుకు ఆనించండి. దిక్సూచి మీది బాణం మీరు వెళ్లే వైపే చూపాలి. గుండ్రటి చట్రాన్ని తిప్పి, దాని లోపలి గీతలను పటంలోని నిలువు గీతలకు సమాంతరం చేయండి. ఇప్పుడు దిక్సూచిని పటం మీది నుంచి తీసి, ఛాతీకి ఎదురుగా చదునుగా పట్టుకుని, ఎర్ర ముల్లు చట్రంలోని ఉత్తరపు గుర్తులోకి వచ్చేదాకా మీరే తిరగండి. అప్పుడు బాణం చూపేదే మీ దిక్కు. వేల్స్‌లో ప్రస్తుతం అయస్కాంత ఉత్తరానికి, పటం ఉత్తరానికి తేడా ఒకటి రెండు డిగ్రీల లోపే ఉంది కాబట్టి ఆ సవరణ గురించి బెంగ పడనక్కరలేదు. ఫోనును, అయస్కాంతపు బొత్తాలున్న చేతి తొడుగులను మాత్రం దిక్సూచి దగ్గరికి రానీయవద్దు.

దిక్కు దొరికాక ఆ వరుసలో పాతిక ముప్పై మీటర్ల దూరంలో కనిపించే రాయినో గడ్డి దుబ్బునో గుర్తు పెట్టుకుని అక్కడికి వెళ్లి, మళ్లీ అలాగే చేయండి. నడుస్తూ ముల్లునే చూస్తూ పోతే తెలియకుండానే పక్కకు జరిగిపోతారు. దూరం తెలియడానికి ఎడమ కాలు పడిన ప్రతిసారీ ఒకటి చొప్పున లెక్కపెట్టండి. వంద మీటర్లకు చాలామందికి అరవై నుంచి డెబ్బై వస్తుంది. మీ అంకె ఎంతో ముందే కొలిచి తెలుసుకోండి.

పెన్ త్రుమై దాటాక దారి దక్షిణానికి తిరిగి, 663 మీటర్ల మెనిద్ లీసియై, 720 మీటర్ల పెన్ అల్ట్ మౌర్, 701 మీటర్ల పెన్ కెరిగ్ కాల్ఖ్ శిఖరాల మీదుగా పోతుంది. మధ్యలో కనుమల్లోకి దిగి ఎక్కవలసిందే, అలసిన కాళ్లకు ప్రతి ఎక్కుడూ పటంలో కన్నా పెద్దదిగా అనిపిస్తుంది. చివరన 451 మీటర్ల క్రుగ్ హవెల్ అనే బల్లపరుపు గుట్ట, దాని మీద ఇనుప యుగపు కోట గోడల రాళ్లు ఉన్నాయి. అక్కడి నుంచి ఊరు మూడు కిలోమీటర్ల లోపే. క్రిక్‌హవెల్ నుంచి అబెర్గవెన్నీకి పది కిలోమీటర్లు, బస్సుంది. చివరి బస్సు వేళ చూసుకుని ఆ రోజు ఉదయం ఏడున్నరకే బయలుదేరాలి, లేదంటే ఆ రాత్రి క్రిక్‌హవెల్‌లోనే గది తీసుకోవాలి. నేనైతే గదే తీసుకోమంటాను.

ఆపద వస్తే

ప్రతి ఉదయం బ్రిటన్ వాతావరణ శాఖ అయిన మెట్ ఆఫీసు వారి పర్వత వాతావరణ సూచన చదవండి, అందులో వెన్నుల మీద గాలి వేగం, మేఘం ఎంత కిందకు దిగుతుందో విడిగా చెబుతారు. బస యజమానికి మీ దారి, చేరే వేళ చెప్పి బయలుదేరండి. ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి, మొదట పోలీసులను, ఆ తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. అక్కడి రక్షక బృందాలు స్వచ్ఛందంగా పనిచేసేవి, మీ దగ్గర డబ్బు తీసుకోవు. మాట్లాడేంత సిగ్నల్ లేని చోట కూడా ఒక్కోసారి మెసేజ్ వెళుతుంది, అయితే 999కి మెసేజ్ పంపే సదుపాయానికి ఫోనును ముందుగా నమోదు చేసుకోవాలి. ఈలతో సహాయం కోరే పద్ధతి నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం.

రోజూ సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనుక, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర పిడుదులు పట్టుకున్నాయేమో వెతకండి. ఎత్తైన ఫెర్న్ పొదల్లోంచి వచ్చిన రోజున ఇది తప్పనిసరి. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నిదానంగా పైకి లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయవద్దు. తరువాతి వారాల్లో కరిచిన చోట ఎర్రటి మచ్చ గుండ్రంగా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా లైమ్ వ్యాధి కావచ్చు. అప్పటికి మీరు భారతదేశం తిరిగి వచ్చేసి ఉంటే, వేల్స్ కొండల్లో నడిచివచ్చిన సంగతి మీ డాక్టరుకు మీరే చెప్పాలి, ఆ వ్యాధి మన ప్రాంతంలో అరుదు కాబట్టి వారికి ముందుగా తట్టకపోవచ్చు.